సెల్లార్‌లో పవర్‌హౌస్

ఎండలు ముదిరాయి. కాలనీకి కరెంటు తెచ్చే లైను, అదే ఫీడర్, ట్రిప్పయితే చాలు, మాదాపూర్, కొండాపూర్ సెల్లార్లలో జనరేటర్లు ఒక్కసారిగా గుర్రుమంటాయి. లిఫ్టులో ఉన్నవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. రెండో అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేసుకునేవాళ్లు ముక్కు మూసుకుంటారు. కోతలు ఎవరి పాపమో చాలాసార్లు రాశాం, ఇవాళ ఆ పొగ సంగతి.

డీజిల్ జనరేటర్‌ను మనం గీజర్ లాంటి సామానుగా చూస్తున్నాం. నిజానికి అది చమురు మండించే విద్యుత్కేంద్రం. కాకపోతే చిన్నది. ఆ ‘చిన్నది’ దగ్గరే మా పేచీ అంతా.

లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు బరువు కిలో కూడా లేదు కదా అంటారా? మిగతాది గాలిలోంచి లాక్కున్న ఆక్సిజన్. అంత కాల్చినా వచ్చే కరెంటు మూడు, మహా అయితే మూడున్నర యూనిట్లు. బొగ్గు మీద బతికే మన గ్రిడ్ కూడా సగటున యూనిట్‌కు ఇంత కార్బన్ వదలదు. వాచ్‌మన్ గరాటు పెట్టి పోసే 200 లీటర్ల డ్రమ్ము ఒక్కటి ఖాళీ అయిందంటే అర టన్నుకు పైమాటే.

చట్టం ఏమంటుంది? 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం డీజిల్ విద్యుత్కేంద్రం 5 మెగావాట్లకు చేరితేనే ముందస్తు అనుమతి కావాలి. అంతకు తక్కువైతే... చిన్నదే కదా! 2023 జులై నుంచి కొత్త సెట్లకు కఠిన ప్రమాణాలు పెట్టారు, మంచిదే. మసికి, నైట్రోజన్ ఆక్సైడ్లకు కళ్లెం పడింది. కార్బన్ డయాక్సైడ్‌కు మాత్రం అందులో పరిమితే లేదు.

ఐసీయూలకు, లిఫ్టులకు జనరేటర్ ఉండాల్సిందే, కాదనం. కానీ ‘100 శాతం పవర్ బ్యాకప్’ అని ఫుల్‌పేజీ ప్రకటనలిచ్చేది వెంటిలేటర్ల కోసమా? ప్రతి బెడ్‌రూములో ఏసీ ఆగకూడదని! ఆ ప్రకటనలు మా పేజీల్లోనూ వస్తాయి, మా ప్రెస్ వెనకా ఒక జనరేటర్ ఉంది, ఒప్పుకుంటున్నాం. గేటు మీద గ్రీన్ బిల్డింగ్ ఫలకం, కింద డీజిల్ ట్యాంకు. ఈ వేషం ఒక్కరిది కాదు.

1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కట్టిన థర్మల్ స్టేషన్ ఇప్పుడు లేదు. ఆ చుట్టుపక్కల జనం పాప్‌కార్న్ తింటూ తిరుగుతున్నారు. పెద్ద గొట్టం పోయి వీధికో చిన్న గొట్టం వచ్చింది. పెద్దదైతే నిలదీయొచ్చు, కోర్టుకు లాగొచ్చు. వీటికి ఎవరిని అడగాలి? అపార్ట్‌మెంటుకు చిన్నదే కదా అన్నాక రేపు ఫంక్షన్ హాలూ, డేటా సెంటరూ అదే పాట అందుకుంటాయి. ఏ మొహంతో కాదంటాం?

2070కి నెట్ జీరో, అంటే గాలిలోకి వదిలినంతా తిరిగి తీసేసి లెక్క సున్నా చేస్తామని, 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో దేశం మాటిచ్చింది. మన నేతలు సదస్సు సదస్సుకూ దాన్నే వల్లిస్తున్నారు. అయ్యా, ముందు ప్రతి సెట్టూ ఏడాదికి ఎన్ని గంటలు తిరిగిందో, ఎంత తాగిందో లెక్క తీయించండి. గంటల మీటరు దాని ఒంటిమీదే ఉంటుంది, చదివేవాడు కావాలి అంతే. ఫీడర్లు బాగుచేయించండి. అప్పటిదాకా, సభావేదిక వెనక వ్యాన్‌లో గుర్రుమంటున్న జనరేటర్‌ను ఆపించాకే పర్యావరణం మీద ప్రసంగం ఎత్తుకోండి. మైకు పనిచేయదంటారా? మాకు సమ్మతమే.