నిలబడే భాగ్యం అందరికీ దక్కదు

కూర్చోవడమే ఈ కాలపు సిగరెట్ అన్న మాట పుట్టినప్పటి నుంచి మన ఐటీ కంపెనీలకు కుర్చీని చూస్తే భయం పట్టుకుంది. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు కాస్త పేరున్న ఆఫీసంటే ఇప్పుడు స్టాండింగ్ డెస్కు ఉండాల్సిందే. మీట నొక్కితే సన్నగా మూలుగుతూ బల్ల పైకి లేస్తుంది, ఇంకో మీట నొక్కితే దిగుతుంది, ఎవరి ఎత్తు వాళ్ళు దాని మెమరీలో దాచుకోవచ్చు. నిలబడితే కాళ్ళు పీకుతాయి కాబట్టి కింద వేసుకోవడానికి మెత్తటి చాప వేరే అమ్ముతారు. కొన్నాళ్ళకి, బల్ల పైనే ఉండిపోయి మామూలు కుర్చీ దానికి అందకపోతే, కాళ్ళు వేలాడేసుకుని కూర్చోవడానికి ఎత్తు స్టూలు కూడా కొనుక్కుంటారు. ఆరోగ్యం దగ్గర రాజీ పడకూడదు మరి.

లాభం ఎంతో కూడా చెప్పుకోవాలి కదా. అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు 2018లో, అప్పటిదాకా వచ్చిన చాలా అధ్యయనాలను కలిపి చూసి, కూర్చున్నవాడికంటే నిలబడ్డవాడికి నిమిషానికి 0.15 క్యాలరీ ఎక్కువ ఖర్చవుతుందని తేల్చారు. 65 కిలోల మనిషి రోజుకి 6 గంటలు కూర్చోకుండా నిలబడితే 54 క్యాలరీలు. అంటే చట్నీ లేని ఒక ఇడ్లీ. పదకొండింటికి టీతో పాటు రెండు ఉస్మానియా బిస్కెట్లు లోపలికి వెళ్ళాయంటే ఆ 6 గంటల తపస్సూ గోవిందా, కానీ ఇలాంటి చిల్లర లెక్కలు వేసేవాళ్ళ వల్లే కదా దేశం ఎక్కడి గొంగడి అక్కడే ఉంది.

గిట్టనివాళ్ళు ఎక్కడైనా ఉంటారు. కెనడాలోని ఒంటారియోలో సుమారు 7,300 మంది ఉద్యోగుల్ని 12 ఏళ్ళ పాటు గమనించి, పనిలో ఎక్కువగా కూర్చునేవాళ్ళకంటే ఎక్కువగా నిలబడేవాళ్ళకి గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు అని రాసేశారు. 2024లో సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో అడుగు వేసి, 83 వేల మందికి పైగా బ్రిటన్ వాసుల చేతికి కట్టిన పరికరాల లెక్కలు తీసి, నిలబడినంత మాత్రాన గుండెకి ఒరిగేదేమీ లేదని, పైగా రోజుకి రెండు గంటలు దాటి నిలబడేకొద్దీ కాళ్ళలో నరాలు ఉబ్బడం లాంటి బాధలు పెరుగుతాయని అన్నారు. అసలు ఈ గొడవంతా 1953లోనే మొదలైంది. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని చూసి, రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బులు తక్కువని చెప్పాడు. మెట్లెక్కడం అన్నాడు, నిలబడటం అనలేదు! కానీ మెట్లని బాక్సులో పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మలేం, బల్లనైతే ఇరవై పాతిక వేలకి అమ్మొచ్చు.

అందుకే నేను ఆ పరిశోధనల్ని పక్కన పెట్టేశాను. నిలబడితే ఆరోగ్యం అనేదే నిజమైతే ఈ దేశంలో మహా ఆరోగ్యవంతులు ఎక్కడున్నారో నాకు తెలుసు. దసరా సీజన్లో అమీర్‌పేటలోనో విజయవాడ బీసెంట్ రోడ్డులోనో ఏదైనా బట్టల షాపు మూడో అంతస్తుకి వెళ్ళండి. మనం స్టూలు మీద కూర్చుంటాం, చేతిలో కూల్‌డ్రింక్ పెడతారు. ఎదురుగా యూనిఫాం చీర కట్టుకున్న అమ్మాయి నిలబడే నలభై చీరలు విప్పుతుంది, మనం ‘ఇదే బోర్డర్‌లో వేరే రంగు లేదామ్మా’ అంటాం, ఆ అమ్మాయి మళ్ళీ నిలబడే అవన్నీ మడతపెడుతుంది. కౌంటర్ వెనక్కి వంగి చూస్తే ఒక చెప్పు విడిచి, ఆ పాదాన్ని రెండో కాలి పిక్కకి ఆనించి ఉంటుంది. కాసేపయ్యాక కాలు మారుస్తుంది. హైట్ అడ్జస్ట్‌మెంట్ లేదు, మెత్తటి చాప లేదు, మెమరీలో మాత్రం వెయ్యి రకాల చీరల రేట్లు ఉంటాయి. పొద్దున పది నుంచి రాత్రి పది దాకా, పైసా ఖర్చు లేకుండా!

ఇంత భాగ్యాన్ని కాలదన్నుకున్నవాళ్ళు కేరళ వాళ్ళు. కోజికోడ్‌లో విజి పెన్‌కూట్ అనే దర్జీ, షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళని కూడగట్టి, మాకు కూర్చునే హక్కు కావాలని ఏళ్ళ తరబడి పోరాడింది. 2018లో అక్కడి ప్రభుత్వం చట్టం మార్చి కూర్చునే ఏర్పాటు చేయాల్సిందే అంది. 2021లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది. వాళ్ళని అని ఏం లాభం, ఎక్కువసేపు నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే వీలు కల్పించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, 44వ సెక్షన్లో రాసిపెట్టారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే జాతి ఆరోగ్యం మీద దెబ్బ కొట్టారన్నమాట.

ఆ ఉద్యమంలో ఆడవాళ్ళు చెప్పుకున్న కష్టాలు చదివితే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. గోడకి ఆనుకున్నా జరిమానా వేసేవాళ్ళట. బాత్రూంకి వెళ్ళే వీలు ఉండదని పనిలో ఉన్నంతసేపూ మంచినీళ్ళు తగ్గించేసేవాళ్ళట. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలు అన్నారు గానీ, నిలబడి నీళ్ళు కూడా మానేయడం ఎంత మేలో ఏ వెల్‌నెస్ కన్సల్టెంటూ ఇంకా పీపీటీ చేసినట్టు లేదు. (చేస్తే మాత్రం కూర్చునే చేస్తాడు.)

కాబట్టి బట్టల షాపుల యజమానులకు నాదొక సలహా. మీరు నడుపుతున్నది షాపు కాదు, ఫిట్‌నెస్ సెంటర్. ఐటీ వాళ్ళు లక్షలు పోసి కొనుక్కునే సదుపాయాన్ని మీరు ఇన్నేళ్ళుగా ఊరికే పంచిపెడుతున్నారు, అది వ్యాపార లక్షణం కాదు. మూడో అంతస్తులో ‘వెల్‌నెస్ ఫ్లోర్’ అని బోర్డు పెట్టి, ఆ అమ్మాయిల జీతంలోంచి నెలనెలా జిమ్ ఫీజు పట్టుకోండి. కూర్చున్నందుకు ఎలాగూ కోస్తారు, నిలబడినందుకు కూడా కోస్తే అకౌంట్స్ వాళ్ళకి ఒకే కాలమ్‌లో సరిపోతుంది.