డోమ్ మాత్రం అలాగే ఉంది

పాత సముద్రతీర థియేటర్లని బాగుచేయడం డబ్బు దండగ, కూల్చేసి ఫ్లాట్లు కట్టుకోవచ్చు కదా అని ఒక ఆర్టికల్‌లో రాశారు, నేను ఒప్పుకోను అండి. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్లో చదువుకునేటప్పుడు వీకెండ్ వస్తే మెట్రో ఎక్కి పక్కనే సముద్రతీరంలో ఉన్న విట్లీ బే అనే ఊరు వెళ్ళిపోయేవాళ్ళం, అక్కడ స్పానిష్ సిటీ అని 1910లో కట్టిన తెల్ల బిల్డింగ్ ఉంది, పెద్ద డోమ్, ముందు రెండు టవర్లు, వాటి మీద డాన్స్ చేసే అమ్మాయిల రాగి బొమ్మలు, ఒకామె చేతిలో వాయించే తాళాలు, ఒకామె చేతిలో టాంబొరిన్ అనే చిన్న డప్పు. మా ఫ్రెండ్ అయితే చూడగానే మనూళ్ళో పెళ్ళి సెట్టింగ్‌లా ఉందిరా అన్నాడు. 2000ల మొదట్లో మూతపడి ఏళ్ళ తరబడి అలా పడి ఉందంట, సుమారు కోటి పౌండ్లు పెట్టి 2018 జులైలో మళ్ళీ తెరిచారు.

కాకపోతే ఒకటి, మొదట్లో అక్కడ థియేటర్ ఉండేది, ఇప్పుడు ఎక్కువగా రెస్టారెంట్లు, టీ రూమ్, ఫిష్ అండ్ చిప్స్, పెళ్ళిళ్ళు. నాకు అది కొంచెం వెలితే, నాటకం పోయి తిండి మిగిలింది. కానీ రోజూ నలుగురు లోపలికి వస్తేనే కదా రిపేర్లకి డబ్బులొచ్చేది, సముద్రం పక్కన ఉప్పుగాలికి కాంక్రీట్లో ఇనుము తుప్పు పట్టి ఉబ్బి పెచ్చులూడుతుంది, ఒకసారి రంగేసి వదిలేస్తే కుదరదు, వైజాగ్ బీచ్ రోడ్డులో సొంతిల్లు ఉన్నోళ్ళని అడగండి చెప్తారు. వాడకుండా తాళం వేసిన బిల్డింగే ముందు పాడవుతుంది. ఫ్లాట్లు కడితే మాలాంటి స్టూడెంట్లు చలిలో ఆ గేటు బయట నిలబడి ఏం చూస్తారండి?