గిట్ మీద ఒక ఫిర్యాదు

హైదరాబాదులో, మరీ ముఖ్యంగా మాదాపూర్ ఆఫీసుల్లో, ఎవరి జోలికీ పోకుండా కోడ్ రాసుకునే మర్యాదస్తుల తరఫున ఈ ఫిర్యాదు దాఖలు చేస్తున్నాను. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారు చేసిన గిట్ అనే, అందరి కోడ్ మార్పులనూ దాచి కలిపే సాఫ్ట్‌వేర్, పక్కపక్కన కూర్చునేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఉద్యోగం చేసుకునే హక్కును కాలరాస్తోంది.

నిజం చెప్పాలంటే, చాలావరకు అది మన మౌనాన్ని గౌరవిస్తుంది. రెండు బ్రాంచీలను, అంటే ఒకే కోడ్ మీద ఎవరికి వారు విడిగా చేసుకున్న పనిని, కలపమంటే, అవి విడిపోయిన చోటి ఉమ్మడి కమిట్‌ను (అప్పటి కోడ్‌ను దాచిన నకలును), భాగపంపకాలకు ముందటి తాతగారి దస్తావేజును తీసినట్టు తీసి, రెండు వైపులనూ దానితో పోల్చుకుంటుంది. ఒకరే మార్చిన చోట ఆ మార్పునే తీసుకుంటుంది. ఇద్దరూ అచ్చం ఒకే మార్పు చేసినా కిక్కురుమనదు. ఒకే వరుసనో, దాన్ని ఆనుకున్న వరుసనో ఇద్దరూ చెరోలా దిద్దితే మాత్రం, ఏడు బాణపు గుర్తులు, ఏడు సమానపు గుర్తులు, మళ్లీ ఏడు బాణపు గుర్తులు సరిహద్దు రాళ్లలా పాతి, మీరే తేల్చుకోండంటుంది.

ఇదెక్కడి న్యాయం? 40 రూపాయల డెలివరీ ఛార్జీని నేను 30 చేశాను, నా వెనక కుర్చీలోని అబ్బాయి 49 చేసి నాకంటే ముందే అందరి ఉమ్మడి బ్రాంచి అయిన మెయిన్‌లో కలిపేశాడు. ఏది సరైనదో గిట్‌కు తెలియదు. మేనేజరును అడిగితే మీటింగ్ పెడతారు. రెండూ ఉంచెయ్యమనే బటన్ ఒకటుంది గానీ, దాన్ని నొక్కినవాళ్ల బిల్లులు నేను చూశాను. ఇక మిగిలింది కుర్చీ తిప్పి ఆ అబ్బాయినే అడగడం. ఆరు నెలలుగా చాట్‌లోనే పలకరించుకుంటున్న మనుషులం, ఒక్క వరుస కోసం అంత చనువు తీసుకోవడం సభ్యత కాదు.

అందుకే శుక్రవారం సాయంత్రం రీబేస్ చేస్తూ, అంటే నా మార్పులను తాజా మెయిన్ మీదికి ఎక్కిస్తూ, ఆత్మగౌరవం గల ఉద్యోగిగా, మనదే ఉంచమని ‘అవర్స్’ ఎంచుకుని ఇంటికి వెళ్లిపోయాను. రీబేస్‌లో గిట్ మెయిన్ మీద నిలబడి నా కమిట్లను ఒక్కొక్కటిగా దానిపై పేర్చుతుంది కనుక, అక్కడ ‘అవర్స్’ అంటే మెయిన్‌లోని వరుస, ‘థెయిర్స్’ అంటే నాది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాళ్లను నేను అడగనూ లేదు.

సోమవారం పొద్దున ఆ అబ్బాయే కుర్చీ తిప్పాడు.

“నా 49 రూపాయలే ఉంచావు, థాంక్స్ అన్నా. చాయ్‌కి పోదామా?”