చీమల మందు పొట్లం ఇంట్లోకి తేకండి

పోయిన శుక్రవారం మా కింది వాటాలో ఉండే పిన్నిగారి మనవడు, 14 నెలల పసివాడు, వంటింటి గడప దగ్గర చల్లి ఉన్న తెల్లపొడిని వేళ్ళకు రాసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అది చీమల మందు. ముందు రోజు సాయంత్రం తోపుడు బండి మీద కొన్నారు. పాత న్యూస్‌పేపర్ ముక్కలో కట్టిన పొట్లం, 10 రూపాయలు. కాసేపటికి వాడికి వాంతులు మొదలయ్యాయి, చొంగ ఆగలేదు. ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "ఏం మందు? ప్యాకెట్ తెచ్చారా?"

పిన్నిగారి చేతిలో ఆ న్యూస్‌పేపర్ ముక్క ఉంది. దాని మీద ఏదో సినిమా ప్రకటన ఉంది. మందు పేరు లేదు.

డాక్టరుగారు ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. చీమల మందు అని మనం ఒకే పేరుతో పిలిచే పొడుల్లో రకరకాల విషాలుంటాయి. మలాథియాన్ జాతి మందు లోపలికి పోతే అట్రోపిన్ ఇంజెక్షన్ ఇస్తారు. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి వాటికైతే ప్రత్యేకమైన విరుగుడు లేదు, లక్షణాలను బట్టి చూసుకుంటూ పోవాల్సిందే. ఏది లోపలికి పోయిందో తెలియకపోతే డాక్టరు పిల్లాడి కంటిపాపలు, ఊపిరి, చెమట చూసి ఊహించాలి. రెండు రాత్రులు అలాగే గడిచాయి. పిల్లాడు బాగున్నాడు, ఇంటికొచ్చాడు, నిన్న మా గుమ్మంలో కూర్చుని నా చెప్పులు లాగుతున్నాడు. కానీ ఆ రెండు రాత్రులు ఆ తల్లి మొహం చూసినదాన్ని, ఇది రాయకుండా ఉండలేను.

పురుగుమందుల చట్టం 1968లోనే వచ్చింది. దాని కింద అమ్మే ప్రతి డబ్బా మీదా మందు పేరు, విరుగుడు, ఒక రంగు గుర్తు ఉండి తీరాలి. వజ్రం ఆకారంలో ఉంటుంది ఆ గుర్తు. కింది సగంలో ఎరుపుంటే అత్యంత విషం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, అన్నిటికన్నా తక్కువ విషానికి ఆకుపచ్చ. చదువు రానివాళ్ళు కూడా చూసి జాగ్రత్త పడాలనే ఆ రంగులు పెట్టారు. న్యూస్‌పేపర్ పొట్లానికి ఏ రంగూ లేదు. అది మైదాలా ఉంటుంది, ముగ్గుపిండిలా ఉంటుంది, సోడా ఉప్పులా ఉంటుంది. మనం దాన్ని తెచ్చి పప్పుల డబ్బాల పక్కనే పెడతాం.

ఆసుపత్రి నుంచి వచ్చాక నేను ఆ బండి దగ్గరికి వెళ్ళాను. కోపంగానే వెళ్ళాను. "ఏం మందయ్యా ఇది?" అంటే, "చీమల మందేనమ్మా" అన్నాడు. చీమల మందే, అందులో ఏముందని మళ్ళీ అడిగాను. అతనికి తెలియదు. సంచుల్లో వస్తుంది, పొట్లాలు కడతాడు, అంతే. వట్టి చేతులతో కడతాడు. ఆ చేత్తోనే టీ గ్లాసు పట్టుకున్నాడు. అప్పుడు నా కోపం ఎటు పోవాలో నాకు తెలియలేదు. రోజంతా ఆ పొడి పీల్చే మనిషికి అది విషమని చెప్పినవాళ్ళు లేరు. సంచుల లెక్కన అతనికి ఇచ్చేవాళ్ళకు మాత్రం తెలుసు.

పెద్దవాళ్ళు ఇప్పటికీ "గమాక్సిన్ చల్లు" అంటారు. ఒకప్పుడు ప్రతి ఇంట్లో ఆ డబ్బా ఉండేది, మా అమ్మావాళ్ళ ఇంట్లో దేవుడి గూటి వెనక కూడా చల్లేవారు. అది బీహెచ్‌సీ అనే పురుగుమందు. మన దేశంలో 1997లో నిషేధించారు. దాని చెల్లెలు లిండేన్ వాడకం కూడా 2013 నుంచి ఆపేశారు. ఒంట్లో కొవ్వులో పేరుకుంటుందని, మట్టిలో ఏళ్ళ తరబడి కరగకుండా ఉంటుందని తేలాకే ఆపారు. మందు పోయింది గానీ పేరు పోలేదు. గమాక్సిన్ అని అడిగితే ఇవాళ దుకాణంలో ఏదో ఒక తెల్లపొడి చేతిలో పెడతారు.

చీమల చాక్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే "మేం పొడి వాడం, గీత గీస్తాం" అనేవాళ్ళు చాలామంది. ఆ చాక్‌లో ఉన్నదీ పురుగుమందే, చాలావరకు డెల్టామెత్రిన్ లాంటిదే. పలక మీద రాసే బలపానికీ దానికీ తేడా మూడేళ్ళ పిల్లకు తెలియదు. బియ్యం డబ్బా చుట్టూ, ఉయ్యాల కోళ్ళ చుట్టూ గీసిన గీత రెండు రోజులకు పొడిపొడిగా రాలుతుంది. పాకే పిల్లల అరచేతులు పడేది అక్కడే. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త పడాలి, ఈ జాతి మందుల్ని పిల్లి ఒళ్ళు తట్టుకోలేదు.

ఇంత చేసి చీమలు పోతాయా అంటే, పోవు. గట్టు మీద బారు కట్టినవి మేత కోసం బయటికొచ్చిన పనిచీమలు. పుట్టలో ఉన్నవాటిలో అవి కొన్నే. గుడ్లు పెట్టే రాణి గోడ పగుల్లోనో, బండ కిందో, కరెంటు పైపులోనో ఉంటుంది. మీరు వెయ్యి చీమల్ని చంపితే అది ఇంకో వెయ్యి కంటుంది. వంటిళ్ళలో కనబడే సన్నటి పసుపుపచ్చ చీమ ఒకటుంది, ఫారో చీమ అంటారు. దాని పుట్టలో రాణులు చాలా ఉంటాయి. మందు కొట్టి బెదరగొడితే ఆ పుట్ట ముక్కలై, ఒక్కో ముక్క ఒక్కో చోట కొత్త కాపురం పెడుతుంది. మందు కొట్టించాక పడగ్గదిలోకి కూడా చీమలు వచ్చాయని చెప్పేవాళ్ళ మాట అబద్ధం కాదు.

నేను చేసేది చెబుతాను. చీమ నడిచిన దారిలో వాసన వదులుతుంది, వెనక వచ్చేవి ఆ వాసన పట్టుకునే వస్తాయి. అందుకని బారును చీపురుతో చెదరగొడితే లాభం లేదు. సబ్బునీళ్ళ గుడ్డతో దారంతా, గట్టు మొదలు గోడ కన్నం దాకా తుడవాలి. తుడిచే ముందు ఒక్క ఐదు నిమిషాలు నిలబడి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడండి. ఆ కన్నాన్ని తెల్లసిమెంటుతో పూడ్చండి. బెల్లం, పంచదార, మిఠాయి గిన్నెలు మా నాయనమ్మ చేసినట్టే నీళ్ళ పళ్ళెంలో పెట్టండి. ఆవిడ జాలీ బీరువా నాలుగు కాళ్ళ కిందా నాలుగు నీళ్ళ గిన్నెలుండేవి, రోజూ పొద్దున నీళ్ళు మార్చేది. ఆ ఇంట్లో చీమల మందు అనే మాట నేను వినలేదు.

అప్పటికీ తగ్గకపోతే ఎర పెట్టాలి. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 10 గ్రాముల పంచదార, ఒక్క గ్రాము బోరిక్ పొడి. మెడికల్ షాపులో దొరుకుతుంది. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి కూడా చాలావరకు అదే, కానీ పేరు రాసి ఉన్న డబ్బానే కొనండి. మోతాదు పెంచకండి. ఎక్కువైతే చీమ దారిలోనే చచ్చిపోతుంది. తక్కువైతేనే తాగి, పుట్టకు వెళ్ళి, నోటి నుంచి నోటికి అందించుకుంటూ రాణి దాకా చేరుస్తుంది. మొదటి రెండు రోజులు చీమలు ఇంకా ఎక్కువ వస్తాయి, కదపకండి. వారం, పది రోజులు పడుతుంది. బోరిక్ కూడా పిల్లలకు విషమే, అది మరచిపోవద్దు. దూది తడిపి, చిన్న చిల్లులు పెట్టిన మూత డబ్బాలో పెట్టి, కిటికీ బయట పిల్లల చెయ్యి అందని చోట ఉంచండి.

ఇక మిద్దెతోట వాళ్ళకు నా మొర. మీరు చీమల జోలికి పోకండి. చిక్కుడు పాదు చివుళ్ళ నిండా చీమలు పాకుతుంటే తీగ వాటివల్లే ఎండుతోందని మందు తెస్తారు. ఆ చివురు తిప్పి చూడండి, నల్లగా పేనుబంక అతుక్కుని ఉంటుంది. మందారం కొమ్మకైతే తెల్లటి పిండినల్లి. రసం పీల్చేది అవి. పీల్చి తియ్యటి జిగురు వదులుతాయి, చీమలు వచ్చేది దానికోసం. అక్షింతల పురుగు పేనుబంకను తినడానికి వస్తే చీమలు దాన్ని తరిమేస్తాయి, అదొక్కటే వాటి తప్పు. దానికి మందెందుకు? పొద్దున్నే పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టి బంకను కడిగేయండి. సాయంత్రం లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి ఆకుల అడుగున చల్లండి. ముదిరిన మొక్క అయితే కాండానికి గుడ్డపీలిక చుట్టి ఆముదం రాస్తే చీమలు ఎక్కవు. వారంలో అక్షింతల పురుగులు వచ్చేస్తాయి. నా చిక్కుడు పాదు మీద నిన్న పొద్దున తొమ్మిదింటిని లెక్కపెట్టాను. అదే మందు కొట్టి ఉంటే చీమలతో పాటు అవీ పోయేవి.

కుండీలో చీమలు పుట్ట పెట్టాయంటే ఆ మట్టి బాగా ఎండిపోయిందన్నమాట. కుండీని గంటసేపు నీళ్ళ తొట్టిలో ఉంచితే అవే గుడ్లు మోసుకుని వెళ్ళిపోతాయి. తోటకూర విత్తనాలు మోసుకుపోతున్నాయని బాధపడేవాళ్ళు మడి పక్కన గుప్పెడు నూక చల్లండి, మా అమ్మ నారుమడికి చేసేది అదే.

చీమ చేసే మేలు కూడా చూడాలి కదా. మట్టిని గుల్ల చేస్తుంది, చెదల్ని తింటుంది, పురుగు గుడ్లు ఏరుతుంది. మామిడి, జీడి చెట్ల మీద ఆకులు కలిపి గూళ్ళు కట్టే ఎర్రచీమ జీడిపూతను పాడుచేసే టీ దోమ అనే పురుగును వేటాడుతుంది. చైనాలో నారింజ తోటల వాళ్ళు ఆ జాతి చీమల గూళ్ళు కొనుక్కుని చెట్లకు కట్టేవారని క్రీ.శ. 304 నాటికే రాసి ఉంది. మన వాకిళ్ళలో బియ్యప్పిండితో పెట్టే ముగ్గు వాటికింత మేతయ్యేది. ఇప్పుడు రాతిపొడి పోస్తున్నాం, చీమకు అందులో తినడానికేం లేదు, వంటింట్లోకి రాక ఎక్కడికి పోతుంది?

మీ ఇంట్లో పేరు లేని పొట్లం ఉంటే ఈ రాత్రే బయటికి తీయండి. సింకులో పోయకండి, కాల్చకండి. రెండు కవర్లలో కట్టి, మీద "విషం" అని రాసి, తడిచెత్తలో కలపకుండా చెత్తబండికి విడిగా ఇవ్వండి. చెత్త నిర్వహణ నిబంధనల్లో ఇంటి నుంచి వచ్చే ప్రమాదకర వ్యర్థాలను విడిగా తీసుకోవాలనే ఉంది. తీసుకోనంటే గట్టిగా అడగండి. ఎవరైనా పిల్లలు నోట్లో పెట్టుకున్నారనిపిస్తే మీరు వాంతి చేయించకండి, 108కి ఫోన్ చేయండి, ఆ పొట్లం ఏదైనా సరే చేత్తో పట్టుకుని వెళ్ళండి. పిన్నిగారు గడప దగ్గర మూడుసార్లు సబ్బుతో కడిగారు. నిన్న సాయంత్రం వచ్చి, మూత డబ్బాకు చిల్లులు ఎంత సన్నగా పెట్టాలని అడిగారు.