దారి మీద రిబ్బన్లు కట్టమని అడగకండి

నిన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఇంగ్లండ్‌లో మీ లేక్ డిస్ట్రిక్ట్ కొండ రేసు ఒకటి చేద్దామనుకుంటున్నా. హాఫ్ మారథాన్ గంటా యాభై నిమిషాల్లో కొడతా. ఒక్కటే టెన్షన్, దారిలో గుర్తులేం ఉండవంట కదా. నాలుగు రిబ్బన్లు కడితే వాళ్ల సొమ్మేం పోతుంది?" ఈ ప్రశ్న ఈ ఏడాది వినడం ఇది నాలుగోసారి. అందుకే అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

రిబ్బన్లు కట్టకూడదు. కట్టమని మనం అడగనూ కూడదు. దారి వెతుక్కోవడమే ఆ రేసు. అది తీసేస్తే మిగిలేది మెట్లు లేని మెట్ల పోటీ.

తెలియనివాళ్ల కోసం. ఉత్తర ఇంగ్లండ్‌లో కొండను ఫెల్ అంటారు. వైకింగుల భాష నుంచి వచ్చిన మాట. ఈ కొండల మీద పెట్టే పరుగు పోటీలకు గ్రేడ్లు ఉంటాయి. రేసు పేరు పక్కన ‘ఏఎల్’ అని కనబడితే జాగ్రత్తగా చదవాలి. ‘ఏ’ అంటే కిలోమీటరుకు సగటున కనీసం 50 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ‘ఎల్’ అంటే 20 కిలోమీటర్లు దాటిన దూరం. ఆ 50 మీటర్లు మొత్తం దూరానికి వేసిన లెక్క. అందులో సగం దిగుడే ఉంటుంది కాబట్టి ఎక్కేచోట అసలు వాలు దానికి రెట్టింపు. బారోడేల్ రేసు తీసుకోండి, దాదాపు 27 కిలోమీటర్లు, 2,000 మీటర్ల ఎత్తు. మాది తిరుపతి కాబట్టి నాకు అర్థమయ్యే లెక్కలో చెప్తాను: అలిపిరి నుంచి కొండకు ఇంచుమించు మూడుసార్లు ఎక్కినంత. మెట్లు ఉండవు, నీడ ఉండదు. కాళ్ల కింద బురద, గడ్డి దుబ్బులు, జారే రాళ్లు. వాస్‌డేల్ రేసు ఇంకా పెద్దది, 34 కిలోమీటర్లు, 2,750 మీటర్లు.

మోకాళ్ల పర్వతం దగ్గర మా అమ్మ రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఒక్కో మెట్టుకు ఒక్కో గోవిందా అంటూ ఎక్కేది. ఇక్కడ గ్రేట్ గేబుల్ కొండ మీద ఛాంపియన్లు ఎక్కే తీరు చూసినప్పుడు నాకు అమ్మే గుర్తొచ్చింది. అవే చేతులు, అవే మోకాళ్లు, అదే వంగిన నడుము. పేరుకు పరుగే గానీ నిట్టనిలువు చోట చాలామంది నడుస్తారు. అందులో నామోషీ ఏమీ లేదు. హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్ మీద ఆగకుండా పరిగెత్తగలిగాం కదా అని ఇక్కడ మొదటి కొండ మీదే గుండెలు అవిసేలా పరిగెత్తేవాళ్లను చూశాను. మూడో కొండకు వాళ్ల తొడలు పట్టేస్తాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ రేసుల్లో చెక్‌పాయింట్లు మాత్రమే చెప్తారు. ఒకదాని నుంచి ఇంకోదానికి ఎలా పోవాలన్నది మన ఇష్టం. ఏ రాళ్లవాలు మీద దిగితే కాలు దిగబడుతుంది, ఎక్కడ గొర్రెలు నడిచి నడిచి జానెడు వెడల్పు దారి పడింది, ఏ వాగు ఎడమ పక్కన దాటితే బురద తప్పుతుంది, ఇవన్నీ తెలిసినవాడికి పది నిమిషాలు కలిసొస్తాయి. బిల్లీ బ్లాండ్ 1981లో బారోడేల్ రేసును 2 గంటల 34 నిమిషాల 38 సెకన్లలో ముగించాడు. నలభై ఏళ్లు దాటినా ఆ రికార్డు నిలబడే ఉంది. ఆయన ఆ లోయలోనే పుట్టి, రాతి పని చేసుకుని బతికిన మనిషి. జాస్ నేలర్ వాస్‌డేల్‌లో గొర్రెలు పెంచుకునే రైతు. చిన్న వయసులోనే వెన్నుకు ఆపరేషన్ అయిన ఆయన 1975లో 24 గంటల లోపు 72 శిఖరాలు ఎక్కి దిగాడు. 2024 జూన్‌లో 88 ఏళ్ల వయసులో పోయాడు. వీళ్ల కాళ్లలో ఎంత బలం ఉందో కళ్లలో అంత చదువు ఉంది, కొండను చదివిన చదువు. రిబ్బన్ కట్టిన రోజున ఆ చదువుకు విలువ ఉండదు.

"గుర్తులు పెడితే సేఫ్ కదా" అంటారు. ఈ మాట నేనూ అన్నాను, ఒకప్పుడు. తర్వాత జరిగింది చెప్తాను.

కొన్నేళ్ల కిందట ఆగస్టులో బారోడేల్ రేసుకు వెళ్లాను. రాస్త్‌వేట్‌లో స్టార్ట్, మొదటి కొండ బెసీబూట్. అది దాటి దక్షిణంగా ఎస్క్ హాజ్ చెక్‌పాయింట్ వైపు పోవాలి. పైకి వెళ్లేసరికి మబ్బు దిగిపోయింది. ఇక్కడివాళ్లు దాన్ని క్లాగ్ అంటారు. చాచిన చెయ్యి కనబడుతుంది, ఇరవై అడుగుల అవతల ఏమీ కనబడదు. నా ముందు ఎర్ర జాకెట్ వేసుకున్న ఒకాయన. బాగా తెలిసిన మనిషిలా పోతున్నాడు. నేను ఆయన జాకెట్‌నే రిబ్బన్ అనుకుని వెంటపడ్డాను. పావుగంట అయ్యాక ఆయన ఆగి, వెనక్కి తిరిగి, "ఎటు పోవాలి?" అని నన్నే అడిగాడు. నా వెనక చూస్తే ఇంకో ఏడుగురు. అందరూ నన్ను నమ్ముకుని వచ్చినవాళ్లే. అప్పటికే ఎడమకు జారిపోయి లాంగ్‌స్ట్రాత్ లోయ వైపు దిగుతున్నాం, కింద వాగు చప్పుడు వినబడుతోంది. దిక్సూచి ఎక్కడుంది? బ్యాగు అడుగున, కొన్న కవర్లోనే ఉంది. దాన్ని వాడటం నాకు రాదు. తొమ్మిది మందిలో ఒక్కరికీ రాదు.

మళ్లీ మళ్లీ చెప్పేది ఇదే. మబ్బులో రిబ్బన్ కూడా ఇరవై అడుగులే కనబడుతుంది. గాలికి ఒక్కటి ఊడిపోతే వెనకొచ్చేవాళ్లందరి గతి ఆ రోజు మా గతే. దిక్సూచి అలా ఊడిపోదు. పిల్లల రేసులకు, కొన్ని చిన్న రేసులకు గుర్తులు పెడతారు, అది వేరే సంగతి. కొత్తవాళ్లు అక్కడ మొదలుపెట్టొచ్చు, నేను వద్దనను.

కిట్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పోయిన నెల ఒక రేసులో చూసింది ఇంకా మింగుడు పడట్లేదు. కిట్ చెక్ దగ్గర ఒకతను పెద్ద గొడవ పెట్టుకున్నాడు. ఎండ కాస్తోంది, వాన ప్యాంటు ఎందుకు, టోపీ ఎందుకు, గ్లవ్స్ ఎందుకు అని. ఎదురుగా ఉన్న పెద్దాయన వాలంటీర్, తెల్లవారుజామున లేచి వచ్చినవాడు, ఒక్క పైసా తీసుకోడు. ఆ ప్యాంటు పరిగెత్తడానికి కాదు బాబూ, కూర్చోవడానికి. చీలమండ మడత పడి 900 మీటర్ల ఎత్తున కూర్చుండిపోతే, మౌంటెన్ రెస్క్యూ వాళ్లు నడిచి రావడానికి గంటలు పడుతుంది. వాళ్లూ వాలంటీర్లే, ఉద్యోగాలు వదిలేసి పరిగెత్తుకొస్తారు. చెమటకు తడిసిన ఒంటికి ఆ గాలి తగిలితే కాసేపట్లోనే పళ్లు టకటకలాడతాయి. కుట్ల లోంచి నీళ్లు దిగకుండా టేపు వేసిన వాన జాకెట్, ప్యాంటు, టోపీ, గ్లవ్స్, మ్యాప్, దిక్సూచి, విజిల్, అత్యవసరానికి ఏదైనా తిండి. అన్నీ కలిపి బరువు కిలో ఉండదు. అది మోయలేనివాడు కొండ ఎక్కనక్కర్లేదు.

ఆ రోజు మిగతా కథ. కట్ ఆఫ్ టైమ్ దాటిపోతుందని తెలిసి, వాగు వెంట స్టోన్‌త్వేట్ మీదుగా తిరిగి రాస్త్‌వేట్‌కు నడిచాం. ఫినిష్ దగ్గరికి పోవడానికి నాకు మొహం చెల్లలేదు. కారు పొలంలో ఎదురుగానే ఉంది, తాళం చేతిలో ఉంది. ఎక్కి వెళ్లిపోదామనే అనుకున్నాను. ఎందుకో కాళ్లు టెంటు వైపు పోయాయి. అక్కడ ఒక పెద్దావిడ ముందు వానకు ఉబ్బిన కాగితం, దాని మీద అందరి నంబర్లు. నా నంబరు చెప్పగానే దాని మీద పెన్సిల్‌తో గీత కొట్టి, రేడియో తీసి, "వచ్చేశాడు, కిందే ఉన్నాడు" అంది. అవతలి నుంచి గాలి హోరులో ఎవరిదో గొంతు "థాంక్ గాడ్" అంది. ఎస్క్ హాజ్ దగ్గర ఇద్దరు మనుషులు మా తొమ్మిది నంబర్ల కోసం ఆ వానలో నిలబడి ఉన్నారని అప్పుడు తెలిసింది. నేను కారెక్కి ఉంటే వాళ్లు చీకటి పడేదాకా నన్ను వెతికేవాళ్లు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. కప్పులో టీ పోసి, కేకు ముక్క చేతిలో పెట్టింది.

కాబట్టి తమ్ముడూ, రేసు మధ్యలో మానేస్తే ఎంత అలసటగా ఉన్నా ముందు ఫినిష్‌కు పోయి నంబరు చెప్పు. ఈ ఒక్క పని చేయకపోతే ఈ ఆటలో క్షమించరు, క్షమించకూడదు కూడా.

నీ హాఫ్ మారథాన్ టైమ్ బాగుంది, కాళ్ల గురించి దిగుల్లేదు. వచ్చే శనివారం పొద్దున ఎనిమిదికి కెజిక్ బస్ స్టాండుకు రా. వాచీలో రూటు వేసుకోకు, కొన్ని రేసుల్లో జీపీఎస్ చూసి దారి వెతకడం నిషేధం కూడా. మ్యాప్ నేను తెస్తాను, దిక్సూచి నువ్వు కొనుక్కో, కవర్లోంచి తీసి మెడలో వేసుకో. మబ్బు ఉంటే ఇంకా మంచిది. నువ్వు ముందు నడువు, నేను వెనక వస్తాను.