సవరణ: ‘గ్లెన్‌గారీ గ్లెన్ రాస్’ చిత్ర దర్శకుడు డేవిడ్ మామెట్ కాదు

అమెరికన్ నాటక రచయిత డేవిడ్ మామెట్ గురించిన గత వ్యాసంలో, 1992లో విడుదలైన ‘గ్లెన్‌గారీ గ్లెన్ రాస్’ చిత్రానికి ఆయనే దర్శకుడని, అందులో నటుడు అలెక్ బాల్డ్విన్ రియల్ ఎస్టేట్ సేల్స్‌మెన్‌ను దుర్భాషలాడే ప్రసిద్ధ సన్నివేశం మామెట్ రాసిన అదే పేరుగల మూల నాటకంలోనిదని ఉంది. ఈ రెండూ సరికావు. ఆ చిత్రానికి దర్శకుడు జేమ్స్ ఫోలీ; మామెట్ తన నాటకాన్ని తానే స్క్రీన్‌ప్లేగా మలిచారు. యజమానులు పంపగా వచ్చే ఆ బాల్డ్విన్ పాత్ర నాటకంలో లేదు, సినిమా కోసమే మామెట్ కొత్తగా రాశారు. ఈ తేడా చిన్నది కాదు: నాటకంలో యజమానులు రంగస్థలం మీదకు రారు, వారి ఒత్తిడి అంతా ఉద్యోగుల మాటల్లోనే వినిపిస్తుంది; నా దృష్టిలో ఆ రచన బలమంతా అక్కడే ఉంది.

షికాగోలో ఒక రియల్ ఎస్టేట్ కార్యాలయంలో పనిచేసిన అనుభవం నుంచి పుట్టిన ఈ నాటకం మొదట ప్రదర్శితమైంది న్యూయార్క్‌లో కాదు, 1983లో లండన్‌లోని నేషనల్ థియేటర్‌లో. రాతప్రతి చదివిన బ్రిటిష్ నాటక రచయిత హెరాల్డ్ పింటర్ దాన్ని అక్కడికి సిఫారసు చేశారు. 1984లో షికాగోలోనూ, ఆ తరువాత న్యూయార్క్‌లోని బ్రాడ్‌వేలోనూ ప్రదర్శించారు. అదే ఏడాది పులిట్జర్ బహుమతి లభించింది.

దర్శకుడిగా మామెట్ తొలి చిత్రం 1987 నాటి ‘హౌస్ ఆఫ్ గేమ్స్’. తన నాటకాల్లో ఒకటైన ‘ఒలియానా’ను 1994లో ఆయనే స్వయంగా తెరకెక్కించారు.