శిక్షణలో గాయపడినా సైనికుడే

చైనా యుద్ధం ముగిశాక, 1963లో సైన్యానికి అధికారులు అత్యవసరమైనప్పుడు చెన్నై పరంగిమలైలో మొదలైనదే నేటి ఆఫీసర్స్ ట్రెయినింగ్ అకాడమీ. 1992 నుంచి అక్కడ అమ్మాయిలూ శిక్షణ పొందుతున్నారు. ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఆ గేటు దాటాలని కలగనే పిల్లలు ఉన్నారు. వాళ్ల తరఫున ఒక మాట చెప్పాలి.

సైనిక శిక్షణ అచ్చం యుద్ధంలా ఉండాల్సిందే. నిద్ర లేకుండా, వీపున బరువుతో రాత్రంతా నడవాలి. ముళ్లకంచె కింద బురదలో పాకాలి. తలపై నుంచి నిజమైన తూటాలు దూసుకెళ్తుంటే ముందుకు కదలాలి. ఆ చప్పుడుకు అలవాటుపడని వాడు సరిహద్దులో మొదటి నిమిషంలోనే తడబడతాడు, తనతోపాటు పక్కవాడి ప్రాణాన్నీ ప్రమాదంలో పడేస్తాడు. తెర మీద యుద్ధ పరిస్థితులను చూపే సిమ్యులేటర్లు గురి నేర్పుతాయి, మందుగుండు ఖర్చు తగ్గిస్తాయి. వాటి వాడకం పెంచాలని రక్షణ శాఖ 2021లో విధానం తేవడం మంచిదే. కానీ భయాన్నీ అలసటనూ తెర మీద నేర్పలేం.

కాబట్టి ముప్పు ఉంటుంది. 2024 జూన్‌లో లద్దాఖ్‌లో రాత్రివేళ విన్యాసాల్లో నది దాటుతున్న టీ-72 ట్యాంకు వరదలో చిక్కుకుని ఐదుగురు సైనికులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ బిడ్డలు. అదే ఏడాది అక్టోబరులో నాసిక్ దగ్గర దేవలాలీలో ఫైరింగ్ శిక్షణలో గుండు పేలి ఇద్దరు అగ్నివీరులు బలయ్యారు. వాళ్లు హైదరాబాద్ ఆర్టిలరీ సెంటర్ నుంచి వెళ్లినవారు. ఇలాంటి ఘటనలపై జరిగే విచారణల్లో ఏం తేలిందో, రహస్యాలు పక్కనపెట్టి, కనీసం కుటుంబాలకైనా చెప్పాలి.

అధికారులయ్యేందుకు శిక్షణ పొందుతున్న కేడెట్ల పరిస్థితి మరీ అన్యాయం. కమిషన్, అంటే అధికారిగా నియామకం, రాకముందే వెన్నెముక విరిగి మంచాన పడిన కుర్రాడిని మెడికల్ బోర్డు ఇంటికి పంపేస్తే, అతనికి మాజీ సైనికుడి హోదా ఉండదు. దక్కేది పింఛను కాదు, ఎక్స్‌గ్రేషియా. ఇరవై ఏళ్లకే చక్రాల కుర్చీకి పరిమితమైన కొడుకును తామున్నంత కాలం అమ్మానాన్న చూసుకుంటారు, ఆ తర్వాత ఎవరు? 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే చేపట్టాక ప్రభుత్వం కదిలింది, మాజీ సైనికుల వైద్య పథకంలో వీరినీ చేర్చింది. వైద్యం ఒక్కటే చాలదు.

దేశం కోసం తూటాల కింద పాకమని చెప్పింది ప్రభుత్వమే. అప్పటికి భుజాన నక్షత్రాలు లేవన్న సాకు మానవత్వానికి నిలవదు. విధుల్లో గాయపడిన అధికారికి ఇచ్చే వైకల్య పింఛనునే కేడెట్‌కూ ఇవ్వాలి. శరీరం సహకరించే మేరకు రక్షణ శాఖలోనే డెస్కు ఉద్యోగం చూపాలి. ఇప్పటికే ఇంటికి చేరిన పాతవారికీ ఇవన్నీ వర్తింపజేయాలి.